జంతువు అంటే తిట్టా?

2001లో ఇంగ్లండ్ రచయిత మెల్విన్ బర్జెస్ టీనేజ్ పిల్లల కోసం ‘లేడీ: మై లైఫ్ యాజ్ ఎ బిచ్’ అనే నవల రాసిండు. సాండ్రా అనే 17 ఏండ్ల పిల్ల కుక్కగా మారుతది. చివరికి మళ్లీ మనిషిని కానంటది. పిల్లలకు ఇదేం పుస్తకమని పెద్దలు గొడవ చేసిన్రు. అసలు అడగాల్సింది వేరే: ఆ పిల్లకు ఇల్లెందుకు వద్దనిపించింది?

రఘునాథపల్లి మీదుగా మేడారం జాతరకు పోయే జనానికి తెలుసు, కోయల కథలో సమ్మక్క పులుల నడుమ దొరికిన బిడ్డ. అది మనకు సిగ్గు కాదు, గౌరవం. బయటోళ్ల నోట్లనే ‘అడవి జంతువు’ తిట్టయింది. హాస్టల్ గోడ దూకి ఇంటికొచ్చిన ఆదివాసీ పిల్లనూ అట్లనే తిడతరు.

అన్నలారా, అక్కలారా, తిట్టే ముందు అడగండి: బిడ్డా, అక్కడ నీకేమైంది? పుస్తకం దాచుడు కాదు, పిల్ల మాట వినుడు కావాలె.