కొలతయు న్యాయమును

కళ్లములో ధాన్యము కొలుచువాడు మొదటి కొలతను 'ఒకటి' యనడు. 'లాభము' అని యెత్తుకొనును. ఆ లాభము ఎవరిది? పండించినవానిదా, కొలిపించుకొనువానిదా? కొలత యున్నంతకాలము ఈ ప్రశ్నయు నుండును.

మన పూర్వులు ఏర్పరచుకొనిన వరుస చక్కనిది. నాలుగు గిద్దలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. నాలుగు మానికలు కుంచము. నాలుగు కుంచములు తూము. ఇరువది తూములు పుట్టి. అనగా పుట్టికి 320 మానికలు. పాలు గిద్దలతోను సోలలతోను, ధాన్యము కుంచములతోను తూములతోను కొలిచెడివారు. భూమిని సైతము దానికి పట్టు విత్తనమును బట్టి తూమెడు నేల, పుట్టెడు నేల యనిరి. అయిదు తూములు ఏదుము, పది తూములు పందుము. 'ఏదుము తిన్నా ఏకాశే, పందుము తిన్నా పరగడుపే' యను సామెతలోని చమత్కారము ఈ లెక్క తెలిసినవారికే బోధపడును.

అయినను పేరు ఒకటైనంతమాత్రమున పాత్ర ఒకటి కాలేదు. ఒక సీమ పుట్టి వేరొక సీమ పుట్టికి సరిపోయెడిది కాదు. పాత్ర ఒకటైనచోటను చేయి ఒకటి కాలేదు. గోపురముగా పోసిన కుంచము వేరు, అంచు మట్టమునకు కర్రతో కోసిన కుంచము వేరు. కుదిపి పోసిన నెక్కువ పట్టును, వదులుగా పోసిన తక్కువ పట్టును. అప్పిచ్చునపుడు మట్టపు కొలత, రాబట్టుకొనునపుడు గోపురపు కొలత: పత్రమున కెక్కని వడ్డీ యిదియే. పాల సోలలో నురుగు చేయు మాయ గృహిణు లెరుగనిది కాదు.

1939 నాటి కేంద్ర శాసనము తూనికలకే ప్రమాణ మేర్పరచినది; కుంచము దాని వెలుపలనే నిలిచినది. స్వతంత్ర భారత పార్లమెంటు 1956లో చేసిన చట్టముతో దేశమంతటికిని ఒకే మెట్రిక్ పద్ధతి సిద్ధించి, 1958 అక్టోబరు మొదలు దశలవారిగా నమలులోనికి వచ్చినది. పాలు లీటరునకును, ధాన్యము కిలోగ్రామునకును మారినవి. ఇది పేదవానికి కలిగిన మేలని మేము నిస్సంశయముగా చెప్పుదుము. తూకమునకు గోపురము లేదు.

కాని గోపురము పోయి తరుగు వచ్చినది. తేమ యనియు, తాలు అనియు బస్తాకు కొన్ని కిలోలు కోయుచున్నారని ధాన్యము కొనుగోలు కేంద్రములనుండి రైతుల మొర యేటేట వినబడుచున్నది. తేమను యంత్రముతో కొలిచి, ఆ యంకెను రైతు కన్నులయెదుట చూపి, కోతను రసీదులో వ్రాసి యిచ్చుట అసాధ్యమా? వ్రాయని కోత పాత కుంచపు గోపురమే కదా!

త్రాసుపై ప్రభుత్వ ముద్ర యున్నదో లేదో చూచుట, రసీదు అడిగి పుచ్చుకొనుట ప్రతి పౌరుని హక్కు. పఠనమందిరములలో చదువు నేర్చినవారు చదువురాని రైతునకు ఈ విషయమున తోడు నిలువవలెను. సోల, తవ్వ, మానిక యను మాటలను పెద్దలనుండి సేకరించి భద్రపరుపుడు. అవి మన భాషాధనము. ఆ పాత్రల చాటున సాగిన యన్యాయమును మాత్రము భద్రపరుపనక్కరలేదు. ఇచ్చునపుడును పుచ్చుకొనునపుడును ఒకే కొలత: ధర్మమన నింతకంటె వేరు లేదు.