బల్లూ ఓనరమ్మను ఎందుకు మర్చిపోయాం?

మొన్న ఆదివారం తమ్ముడు, చెల్లె, నేను ఫోన్లో చిన్నప్పటి కార్టూన్ల గురించి మాట్లాడుకున్నాం. ఇద్దరికీ మోగ్లీ గుర్తున్నాడు. డక్‌టేల్స్‌లో పైసల కుప్పలో ఈతకొట్టే స్క్రూజ్ బాతు కూడా గుర్తున్నాడు. ‘టేల్‌స్పిన్’ అనగానే మాత్రం “అదేంది అక్కా?” అన్నారు. నాకు కొంచెం బాధేసింది.

అవి తొంభైల రోజులు. మా బెజ్జంకి అప్పుడు కరీంనగర్ జిల్లాలో ఉండేది, సిద్దిపేటలో కలిసింది 2016లో. మా వాడకట్టులో రెండే టీవీలు. ఆదివారం దూరదర్శన్‌లో కార్టూన్ వస్తుందంటే పిల్లలమంతా పక్కింటి అర్రలో చాప మీద కూర్చునేవాళ్ళం. వచ్చేది హిందీలో. మాకు వచ్చింది సగం హిందీ, మిగతా కథ మేమే అల్లుకునేవాళ్ళం. మోగ్లీ దోస్తు బల్లూ ఎలుగుబంటి ఇందులో పైలట్. అడవి వదిలేసి నౌకరీలో చేరాడని చాలా రోజులు నమ్మాం. షేర్‌ఖాన్ అయితే సూటు వేసుకుని పెద్ద సేటు అయిపోయాడు!

డిస్నీ వాళ్ళు 1990లో మొదలుపెట్టిన కార్టూన్ అది, మొత్తం 65 భాగాలు. కొండల మధ్య కేప్ సుజెట్ అనే ఓడరేవు. సామాన్లు మోసే ‘సీ డక్’ అనే విమానం. దాన్ని దోచుకోవడానికి కాచుకుని ఉండే గాలిదొంగలు, వాళ్ళ నాయకుడు డాన్ కార్నేజ్. కృష్ణ గారి ‘మోసగాళ్ళకు మోసగాడు’లో గుర్రాలు తీసేసి విమానాలు పెడితే ఎట్లుంటుందో అట్లా ఉండేది. దొంగల ముఠా వదిలి వచ్చిన కిట్ అనే పిల్లాడు విమానం వెనకాల తాడు పట్టుకుని మబ్బుల మీద జారుతుంటే మేం ఊపిరి బిగబట్టేవాళ్ళం.

కానీ ఇవాళ నేను చెప్పాలనుకున్నది కిట్ గురించి కాదు, రెబెక్కా గురించి. బల్లూ బాకీ కట్టకపోతే విమానం చేజారే పరిస్థితి వస్తుంది. ఆ బాకీ తీర్చి, విమానాన్నీ కంపెనీనీ కొనుక్కున్న ఆడమనిషి రెబెక్కా. ఆమెకు మోలీ అని చిన్న బిడ్డ. బిడ్డను పక్కన పెట్టుకునే లెక్కలు చూస్తుంది, సరుకు ఒప్పుకుంటుంది, పడుకున్న బల్లూను లేపి పనికి తోలుతుంది. ఆమె వేసిన ప్లాన్లు చాలాసార్లు బోల్తా పడతాయి. అయినా తెల్లారి మళ్ళీ ఆఫీసు తెరుస్తుంది.

ఒకరోజు అమ్మ నన్ను పిలవడానికి బీడీల చాట చంకన పెట్టుకునే వచ్చింది. గడప మీద కూర్చుని ఆకు చుట్టుకుంటూ కాసేపు చూసింది.

“గామె మొగడేడి?” అంది.

“ఏమో, కథల లేడమ్మా.”

“దుబాయి పోయిండేమో” అంది. అందరం నవ్వాం, అమ్మ కూడా నవ్వింది. మా నాన్న అప్పుడు దుబాయిలోనే ఉన్నాడు.

తర్వాత అమ్మ ఇంకో మాట అడిగింది: “మరి బాకంతా ఆమెనే కట్టిందా?” నేను ఊకొట్టి మళ్ళీ టీవీలో పడ్డాను. ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో అర్థం కావడానికి నాకు పాతికేళ్ళు పట్టింది. నాన్నను పంపడానికి చేసిన అప్పుకు, పైసలు రాని నెలల్లో మిత్తి కట్టింది అమ్మ బీడీలే. వెయ్యికింత అని లెక్క. తునికాకు నానబెట్టడం, కత్తిరించడం, చుట్టడం, కార్ఖానకు మోయడం, అక్కడ బాగాలేవని తీసేసిన కట్టలకు బాధపడడం. మధ్యలో మా ముగ్గురి బువ్వ, బడి.

బడిలో సారు “మీ అమ్మ ఏం పని చేస్తది?” అని అడిగితే నేను “ఏం చెయ్యదు సార్, ఇంటికాన్నే ఉంటది” అన్నాను. టీవీలో ఎలుగుబంటి ఓనరమ్మను చూసి మురిసిపోయిన పిల్లనే, గడప మీద కూర్చున్న ఓనరమ్మను చూడలేదు.

అందుకే పిల్లల కార్టూన్లలో అమ్మలు ఏం చేస్తున్నారో చూడాలంటాను. మా చిన్నోడు చూసే డోరెమాన్‌లో నొబితా వాళ్ళమ్మ ఎప్పుడు చూసినా మార్కుల గురించి అరుస్తూ ఉంటుంది. మన హైదరాబాద్‌లోనే తయారైన ఛోటా భీమ్‌లో టున్‌టున్ మౌసీ లడ్డూలు అమ్ముతుంది, అదీ వ్యాపారమే. కానీ భీముడు ఎన్ని లడ్డూలు తిన్నాడన్నదే పిల్లలకు గుర్తుంటుంది, వాటి పైసలు ఎవరు కట్టారని ఒక్కరూ అడగరు.

కార్టూన్ ఒక్కటే లోకాన్ని మారుస్తుందని నేననను. రెబెక్కాను చూసిన నేనే బడిలో అట్లా చెప్పాను కదా. తెర మీద చూపించిన దాన్ని ఇంట్లో కూడా ఎవరో ఒకరు వేలు పెట్టి చూపించాలి. ఆ పని మనదే.

మొన్న మా చిన్నోడి బడి ఫారంలో ‘తల్లి వృత్తి’ అన్న చోట అలవాటుగా ‘హౌస్ వైఫ్’ అని రాయబోయి ఆగాను. నెలకు ఇన్ని బ్లౌజులు కుడతాను, ఇంటి కరెంటు బిల్లు నా మిషనే కడుతుంది. ‘టైలర్’ అని రాశాను. వాడు చదివి “అవును కదా అమ్మా!” అన్నాడు.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి బడిలో సారుకు ఏం చెప్పానో ఇన్నేళ్ళకు ఒప్పుకున్నాను. “గప్పుడు నువ్వు చిన్నపిల్లవు, ఏం తెలుస్తది బిడ్డా” అంది. కాసేపాగి “గా ఎలుగుబంటి సినిమా ఇంకా వస్తదా?” అని అడిగింది.

ఈసారి బెజ్జంకి పోయినప్పుడు ఫోన్లో వెతికి చూపించాలి. మీ ఇంట్లో ఆ ఫారం ఎవరు నింపుతారు? ఆ గడిలో ఏం రాస్తున్నారు?