శెనక్కాయ మానితే రైతుకు దారేది?

కళ్యాణదుర్గం: రైతులు వేరుశనగ ఒక్కదాన్నే నమ్ముకొని చెడిపోతున్నారని, పంట మార్చుకోవాలని అనంతపురం ప్రాంతంలో ఏ రైతు సదస్సు జరిగినా వక్తలు ఉద్బోధించడం పరిపాటి అయింది. మాట తప్పు కాదు. అయితే అది సగం మాట.

సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే ప్రాంతమిది. అదీ అదనుకు రాదు. లోతులేని ఎర్రనేలలు పదును ఎక్కువ రోజులు నిలుపుకోవు. ఇట్టి చోట, 2022లో రెండుగా విడిపోక పూర్వం, ఒక్క జిల్లాలోనే ఒక దశలో 20 లక్షల ఎకరాల దాకా శెనక్కాయ వేశారు. ఒకే పంట తెచ్చే ముప్పు 2000 ఖరీఫ్‌లో తెలిసివచ్చింది. వయ్యారిభామ మొక్కల పుప్పొడితో, తామరపురుగుల ద్వారా వ్యాపించే కాండంకుళ్లు వైరస్ తెగులు 5 లక్షల ఎకరాలకు పైగా పైరును దెబ్బ తీసింది.

అయినా రైతు శెనక్కాయను ఎందుకు వదలడు? మూర్ఖత్వం వల్ల కాదు. సబ్సిడీ విత్తనం దానికే ముందు వస్తుంది. వ్యాపారి కళ్లం వద్దకే వచ్చి కాయ కొంటాడు. కాయ రాని ఏడు కూడా కట్టె పశువులకు మేత అవుతుంది. ఈ చివరిది సదస్సులలో ఎవరూ ఎత్తరు గాని, ఎద్దులూ పాడిపశువులూ ఉన్న ఇంట అదే పెద్ద లెక్క.

ఖర్చు చూస్తే మాత్రం కొర్ర మేలు. ఎకరా శెనక్కాయకు 60 కిలోలకు పైగా విత్తనపప్పు కావాలి. కొర్రకు రెండు మూడు కిలోలు చాలు, మూడు నెలల్లో పంట చేతికొస్తుంది. వాన మోసం చేస్తే పోయేది స్వల్పం. కాని పండిన కొర్రను అమ్మేదెక్కడ? కేంద్రం ఏటా ప్రకటించే మద్దతు ధరల జాబితాలో వేరుశనగ, కంది, జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి. కొర్ర, ఉలవ, ఆముదం లేవు. మెట్టకు తగినవని రైతుకు చెప్పే పంటలకే ధర పూచీ లేదన్న మాట! 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచమంతా జరుపుకొన్నది. పొట్టు తీసే మర దగ్గరలో లేని ఊళ్లో కొర్ర పండించిన రైతు మాత్రం గింజను బస్తాలకెత్తి, వచ్చిన ధరకు తెగనమ్మక తప్పదు.

చీనీ తోటలు మరొక దారి అంటారు. బోరులో నీరున్నంత వరకే ఆ దారి. ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్లను బతికించుకున్న రైతులు అప్పుల పాలైన సంగతి ఇక్కడ అందరూ ఎరిగినదే.

వేరుశనగను ఒక్కసారిగా మానమనడం కంటె, ఏడు సాళ్లకు ఒక కంది సాలు వేయమన్న శాస్త్రజ్ఞుల పాత సలహాయే ఆచరణకు దగ్గరగా ఉన్నది. శెనక్కాయ పోయినా, వెనుక వానలు పడితే కంది నిలుస్తుంది. జూలై దాటినా పదును కాకపోతే ఉలవ, అలసంద, జొన్న వేసుకోవచ్చు. ఆ విత్తనాలు అప్పటికి మండల కేంద్రంలో సిద్ధంగా ఉండాలి. పదును వాన కురిసి, నేల ఆరి, పది రోజులు గడిచాక ఉలవ బస్తాలు దిగడం ఈ విలేఖరి కళ్లారా చూశాడు. అప్పటికే సగంమంది రైతులు అప్పు చేసి, మిగిలిన శెనక్కాయనే గొర్రుకు పోశారు. వేరుశనగతో పాటే మే నెలలో ఈ విత్తనాలనూ తెచ్చి ఉంచడానికి అడ్డేమిటో అధికారులే చెప్పాలి.