స్క్రీన్ మీద ఎర్ర బార్ లేచిందని పన్ను అరగదీయించుకోవాలా?

కొత్త సెన్సర్ ఏదైనా వచ్చిందంటే మనలాంటి వాళ్ళ కన్ను ముందు దాని స్పెక్స్ మీదే పడుతుంది. ఈసారి నా కన్ను పడింది మాత్రం జేబులో పెట్టుకునే గాడ్జెట్ మీద కాదు, డెంటిస్ట్ కుర్చీ పక్కన ఉండే దాని మీద. పేరు టీ-స్కాన్. అమెరికాలోని టెక్‌స్కాన్ కంపెనీది, 1980ల నుంచీ ఉన్నదే. ఇప్పుడు మన హైదరాబాద్‌లోనూ కొన్ని క్లినిక్‌లు 'డిజిటల్ బైట్ అనాలిసిస్' పేరుతో దీన్ని వాడుతున్నాయి.

నా మాట ముందే చెప్పేస్తా. గాడ్జెట్‌గా ఇది సూపర్. కానీ దవడ నొప్పి ఎందుకొచ్చిందో చెప్పే మెషీన్ కాదు. దీని రీడింగ్ ఒక్కటే చూసి పళ్ళు అరగదీయించుకోవడం నాకైతే అస్సలు నచ్చని ఐడియా.

ఎలా పనిచేస్తుంది?

పళ్ళ వరస ఆకారంలో ఉండే పల్చటి ప్లాస్టిక్ రేకు ఇది. మందం సుమారు 0.1 మిల్లీమీటరు. లోపల అడ్డంగా, నిలువుగా కండక్టివ్ ఇంక్ గీతలు ఉంటాయి. మీరు కొరికినప్పుడు ఆ గీతలు కలిసే చోట ఒత్తిడి పెరిగి రెసిస్టెన్స్ తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని రంగుల బార్లుగా మార్చి సినిమాలా ఆడిస్తుంది. ఏ పన్ను ముందు తగిలింది, ఎడమ వైపు ఎంత శాతం, కుడి వైపు ఎంత శాతం, అన్నీ సెకనులో చిన్న భాగాలుగా కనిపిస్తాయి.

పాత పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. రంగు కాగితం పళ్ళ మధ్య పెట్టి "టక్ టక్ కొరకండి" అంటారు. మచ్చ ఎక్కడ పడిందో తెలుస్తుంది గానీ, ఎంత బలంగా, ఎప్పుడు తగిలిందో దాంతో తెలీదు. పెద్ద మచ్చ అంటే ఎక్కువ బలం అనుకోవడానికీ లేదు. ఇక్కడ టీ-స్కాన్ క్లియర్ విన్నర్. కొత్త క్యాప్, బ్రిడ్జ్, ముఖ్యంగా ఇంప్లాంట్ పెట్టాక బైట్ సరిచూడటానికి ఇది బాగా పనికొస్తుంది. ఇంప్లాంట్ చుట్టూ సహజమైన పన్నుకుండే మెత్తటి లిగమెంట్ ఉండదు, అందుకే ఒత్తిడి ఎక్కువైనా మనకి సరిగా తెలియకపోవచ్చు.

ఒక స్పెక్ మాత్రం గుర్తుపెట్టుకోండి. ఇది చూపించేది సాపేక్ష బలం. అంటే మొత్తం కొరుకుడులో ఏ పన్ను వాటా ఎంత అని. న్యూటన్లలో అసలు బలం ఎంతో కాదు.

మరి తేడా ఎక్కడ కొడుతోంది?

చెవికి కాస్త ముందు వేలు పెట్టి నోరు తెరవండి. కదిలేదే దవడ జాయింట్. అక్కడ నొప్పి, టక్కుమనే శబ్దం, ఆవులిస్తే పట్టేయడం, ఇవన్నీ బైట్ సరిగా లేకపోవడం వల్లే అనే ఆలోచన పాతది. 1934లో జేమ్స్ కోస్టెన్ అనే అమెరికన్ ఈఎన్‌టీ డాక్టర్ చెవి, దవడ సమస్యలను పళ్ళ బైట్‌తో ముడిపెట్టాడు. ఆ తర్వాత వచ్చిన పరిశోధన ఆ ముడిని చాలావరకు వదులు చేసింది. నిద్ర, ఒత్తిడి, పళ్ళు బిగించే అలవాటు, దెబ్బలు, శరీరంలో వేరే చోట్ల ఉండే నొప్పులు, ఇలా కారణాలు చాలానే ఉన్నాయి. బైట్ తేడాగా ఉన్నా ఏ నొప్పీ లేని వాళ్ళు బోలెడు మంది.

మీ వాచ్ హార్ట్ రేట్ 120 చూపించిందనుకోండి. రీడింగ్ కరెక్టే. కానీ మీరు మెట్లెక్కారా, జ్వరమొచ్చిందా, ఇంటర్వ్యూ టెన్షనా అన్నది వాచ్‌కి తెలీదు. టీ-స్కాన్ కథా అంతే. అది కొలిచేది కొరుకుడుని, నొప్పిని కాదు.

దీన్ని గట్టిగా సమర్థించే డెంటిస్టులు ఉన్నారు. దవడని పక్కకి జరిపినప్పుడు వెనక పళ్ళు ఎక్కువసేపు రాసుకుంటే కండరాలు అలసిపోతాయని, ఆ టైమ్‌ని అర సెకను లోపుకి తెస్తే నొప్పి తగ్గుతుందని వాళ్ళ వాదన. తగ్గిందని చెప్పే పేషెంట్లూ ఉన్నారు. కాదనను. కానీ దవడ నొప్పి దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మనం డాక్టర్ దగ్గరికి పరిగెత్తేది అది పీక్‌లో ఉన్నప్పుడే. తర్వాత తగ్గితే ఆ క్రెడిట్ మెషీన్‌కి ఇవ్వాలా, టైమ్‌కి ఇవ్వాలా?

అమెరికా ప్రభుత్వ దంత పరిశోధన సంస్థ ఎన్‌ఐడీసీఆర్, బైట్‌ని శాశ్వతంగా మార్చే ట్రీట్‌మెంట్లు వద్దనే చెబుతోంది. 2023లో బీఎంజే జర్నల్‌లో వచ్చిన గైడ్‌లైన్ కూడా దీర్ఘకాలిక దవడ నొప్పికి నిపుణుల పర్యవేక్షణలో దవడ వ్యాయామాలు, ఫిజియోథెరపీ, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ లాంటివాటికే ఓటేసింది. వినడానికి బోరింగ్‌గానే ఉంటాయి, నిజమే. కానీ నచ్చకపోతే ఆపేయొచ్చు. అరగదీసిన ఎనామిల్‌కి అన్‌డూ బటన్ లేదు, ఫ్యాక్టరీ రీసెట్ అంతకన్నా లేదు.

అన్నట్టు, ఈ లైన్ చదువుతుండగా మీ పై పళ్ళు, కింది పళ్ళు ఆనుకుని ఉన్నాయా? ఖాళీగా ఉన్నప్పుడు పెదాలు కలిసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి. ర్యాంక్డ్ మ్యాచ్ ఆడుతూనో, కోడ్ డీబగ్ చేస్తూనో గంటల తరబడి దవడ బిగించే వాళ్ళు మనలో తక్కువేం కాదు. దీనికి సెన్సర్ అక్కర్లేదు, ఫోన్‌లో గంటకో రిమైండర్ చాలు.

క్లినిక్‌లో ఏం అడగాలి?

1. స్కాన్‌కి ముందు నా హిస్టరీ అడిగి, దవడ కండరాలూ జాయింటూ చేత్తో పరీక్షించారా?
2. మీరు చెప్పే ట్రీట్‌మెంట్‌ని తర్వాత వెనక్కి తిప్పుకోవచ్చా?
3. ముందు వ్యాయామాలు, మెత్తటి ఆహారం, వేడి కాపడంతో కొన్ని వారాలు చూద్దామా?

నోరు సడన్‌గా లాక్ అయినా, వాపూ జ్వరమూ ఉన్నా మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

నా వెర్డిక్ట్: కొలిచే పనికి టీ-స్కాన్‌కి ఫుల్ మార్కులు. దవడ నొప్పి డయాగ్నసిస్‌కి మాత్రం పాస్ మార్కులు కూడా ఇవ్వను. ఆ పని ఇప్పటికీ ఓపిగ్గా ప్రశ్నలడిగి, చేత్తో పరీక్షించే డాక్టర్‌దే.