జాక్ స్కాట్‌కి ఎన్ని పిట్టలు?

మెట్టుగూడలో నేను చికెన్ కొనే షాపతనికి నామీద ఒక అనుమానం. నాటుకోడి పుంజుని కోసినప్పుడల్లా మెడతోలు ఈకలతో సహా పక్కన పెట్టమంటాను. నల్లపుంజుదైతే ఇంకో యాభై ఎక్కువిస్తాను. "సార్, మీరు సాఫ్ట్‌వేరే కదా?" అని రెండుసార్లు అడిగాడు. చేతబడి అనుకుంటున్నాడని నాకు ఆలస్యంగా వెలిగింది. చేపలకోసం అని చెప్తే అనుమానం ఇంకా ముదిరింది. చేపకి వానపామో, పిండిముద్దో వేస్తారు గానీ కోడి ఈకలేంటి?

న్యాయమైన ప్రశ్నే. గాలపు ముల్లుకి పట్టుదారంతో ఈకలు, వెంట్రుకలు, జరీ లాంటి సన్నరేకు చుట్టి కట్టే దొంగ పురుగుని ఫ్లై అంటారు. అందులో సాల్మన్ చేపకోసం పందొమ్మిదో శతాబ్దపు బ్రిటన్‌లో కట్టినవి అసలు పురుగులాగే ఉండవు. పెళ్ళిలో వడ్డాణానికి పక్కన పెట్టినా తేడా తెలీదు. వాటిని 'క్లాసిక్' అంటారు. లాక్‌డౌన్‌లో వీడియోలు చూసి మొదలుపెట్టిన ఈ పిచ్చి నాకింకా వదల్లేదు.

మన సాహిత్యమిత్రుల్లో ఈమధ్య దీనిమీద ఒక మోజు కనిపిస్తోంది. కారణం కిర్క్ వాలెస్ జాన్సన్ రాసిన 'ద ఫెదర్ థీఫ్' (2018). 2009 జూన్‌లో ఎడ్విన్ రిస్ట్ అనే అమెరికన్ కుర్రాడు, లండన్‌లో ఫ్లూట్ నేర్చుకుంటున్నవాడు, ట్రింగ్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో అద్దం పగలగొట్టి దూరి, 299 పక్షుల తోళ్ళు సూట్‌కేసులో పెట్టుకుని పోయాడు. క్లాసిక్ ఫ్లైలు కట్టడానికీ, కట్టేవాళ్ళకి అమ్ముకోడానికీ. దొరికాడు, నేరం ఒప్పుకున్నాడు, జైలుకి మాత్రం వెళ్ళలేదు. ఈ పుస్తకం చదివినవాళ్ళలో నేను మాట్లాడిన ప్రతి ఒక్కరూ చివరికి ఒకే మాటకి వస్తారు: "తప్పే అనుకో, కానీ ఆ తపన చూడు." నా గొడవంతా ఆ 'కానీ'తోనే.

ముందు ఒకటి ఒప్పుకోవాలి. ఈ పనిలో నైపుణ్యం ఉంది, అది చిన్నది కాదు. ఒక ఈకని దగ్గరగా చూడండి. దాని పోగులు ఒకదాన్నొకటి సన్నని కొక్కేలతో పట్టుకుని ఉంటాయి. అందుకే చెదిరిన ఈకని వేళ్ళమధ్య దువ్వితే మళ్ళీ అతుక్కుంటుంది. వేరు వేరు పక్షుల ఈకల నుంచి రెండేసి మూడేసి పోగులు తీసి, జిగురు లేకుండా, ఇలా దువ్వుతూ ఒకే రెక్కగా కలపాలి. దీన్ని వాళ్ళు 'మ్యారీయింగ్' అంటారు. అంటే పెళ్ళి చెయ్యడమే. కులం వేరైతే అతుక్కోవు, మందం సరిపోవాలి (అవును, ఈ పోలిక నాకూ ఇబ్బందిగానే ఉంది). మొదటి ఆర్నెల్లలో నా రెక్క ఒక్కటి కూడా నిలబడలేదు. దారం ఒక చుట్టు ఎక్కువైతే తల లావైపోతుంది. ముల్లు చిన్నది, మన వేలు పెద్దది.

సరే. ఇప్పుడు జాక్ స్కాట్ చూద్దాం. 1850 ప్రాంతంలో పుట్టిన ఫ్లై, క్లాసిక్‌లన్నిటికీ మకుటం లాంటిది. తోకకి గోల్డెన్ ఫెజెంట్ పిట్ట తలతురాయి. నడుముకి ఉష్ట్రపక్షి ఈక. సగం ఒళ్ళు పసుపు పట్టు, సగం నల్ల పట్టు. మధ్యలో టూకాన్ రొమ్ము ఈకలు. రెక్కలో టర్కీ కోడి, నెమలి, బట్టమేక పిట్ట, ఫ్లోరికన్, ఇంకా రంగు వేసిన హంస ఈక. పక్కన అడవికోడి, బుగ్గకి బ్లూ చాటరర్, కొమ్ములకి మకావ్. ముల్లు మీ బొటనవేలంత. అందులో ఐదు ఖండాల నుంచి పదికి పైగా పక్షులు.

ఈ జాబితాలో కళ ఎక్కడుంది? ఇది లండన్ రేవుకి ఏయే ఓడలొచ్చాయో చెప్పే లెక్కలచిట్టా. నదిలోకి తిరిగొచ్చిన అట్లాంటిక్ సాల్మన్ మేత మానేస్తుంది. అది ఎందుకు కరుస్తుందో నేటికీ వాదనే. టూకాన్ ఈకకీ రంగు వేసిన కోడి ఈకకీ తేడా అది పట్టించుకున్న దాఖలా లేదు. అయినా జార్జ్ కెల్సన్ 1895లో 'ద సామన్ ఫ్లై' రాసి ఏ ఫ్లైలో ఏ పక్షి ఈక ఎక్కడుండాలో సూత్రాలు చెప్పినంత ధీమాగా చెప్పాడు. ఆయన గొప్పలని 'ఫిషింగ్ గెజెట్' సంపాదకుడు మార్స్టన్ ఆ తర్వాత బహిరంగంగానే నిలదీశాడు. అయితే ఏం, సూత్రాలు మిగిలిపోయాయి. గ్రాంథికం పోయాక కూడా 'అసలు తెలుగు' గురించి మాట్లాడేవాళ్ళు మనకి మిగిలినట్టు, 'అసలు ఈక' కావాలనేవాళ్ళు వాళ్ళకి మిగిలారు. రిస్ట్ సూట్‌కేసు నిండింది అందుకే.

మనవాళ్ళు దీన్ని ఎక్కడో ఇంగ్లండ్ కథగా చదువుతున్నారు, అది నాకు ఇంకా కష్టంగా ఉంది. ఆ పెట్టెలో సగం మనదే. ఫ్లైకి కళ్ళలా మెరిసే అడవికోడి మెడ ఈకలు, మైనం చుక్క పడి గట్టిపడినట్టుండేవి, దక్షిణ భారతపు పక్షివి. నల్లమలలో కూస్తుంది. గోదావరి దాటితే దాని ఎర్ర చుట్టం మొదలవుతుంది. ఫ్లోరికన్ అనే పేరున్న పక్షుల్లో ఒకటి మన నేల నెమలి. దానికీ బట్టమేక పిట్టకీ కలిపి కర్నూలు దగ్గర రోళ్ళపాడులో అభయారణ్యం పెట్టుకున్నాం. ఇప్పుడక్కడ బట్టమేక కనపడటమే గగనం. (ఫ్లైలవల్ల కాదు, గడ్డినేలలు పోవడంవల్ల. నా వాదనకి పనికొస్తుందని అబద్ధం ఆడను.) తమాషా ఏంటంటే క్లాసిక్ వంటకాల్లో 'ఇండియన్ క్రో' అని ఒకటుంటుంది. అది ఇండియాదీ కాదు, కాకీ కాదు, దక్షిణ అమెరికా పిట్ట. నిజంగా ఇక్కడి నుంచి పోయినదానికేమో 'జంగిల్ కాక్' అని ఊరూ పేరూ లేకుండా పెట్టారు.

1902లో వలస ప్రభుత్వమే అడవిపక్షుల తోళ్ళు, ఈకల ఎగుమతి నిషేధించింది. బ్రిటన్ దిగుమతులని ఆపే చట్టం చెయ్యడానికి 1921 దాకా పట్టింది. ఆ మధ్యలో టోపీలకీ ఫ్లైలకీ దొంగసరుకు నడిచింది.

"అయితే ఇదంతా దొరల సరదా, తగలెయ్యండి" అనే మిత్రులూ ఉన్నారు. వాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. దసరా రోజు సికింద్రాబాద్‌లో గుడి ముందు నిలబడి చూడండి. పంజరంలో పాలపిట్ట. దర్శనానికి డబ్బులు. ఎగరకుండా రెక్కలు కట్టేసో, జిగురు రాసో ఉంటుంది. అది తెలంగాణ రాష్ట్ర పక్షి. దాని ఈకలు గడ్డిలో కలిపి పెడితే ఆవు పాలు ఎక్కువిస్తుందన్న నమ్మకం ఆ పేరులోనే ఉందంటారు. మా ఇంట్లోనూ చిన్నప్పుడు పది రూపాయలిచ్చి దణ్ణం పెట్టుకున్నాం. నేనూ పెట్టుకున్నాను. ఆ నీలం అంత బాగుంటుంది మరి. కాబట్టి రిస్ట్‌ని తిట్టేటప్పుడు మనం కొంచెం గొంతు తగ్గించాలి. పొగిడేటప్పుడైతే నోరే మూసుకోవాలి.

ఎందుకంటే ఆ తపన ఏం చేసిందో చూడండి. ఆ తోళ్ళలో కొన్ని ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ మలయా దీవుల్లో తిరిగి సేకరించినవి. ప్రతి పక్షి కాలికీ ఒక చీటీ: ఎక్కడ, ఎప్పుడు, ఎవరు. దొరికినవాటిలో చాలావాటికి ఆ చీటీల్లేవు. నా ఉద్యోగభాషలో చెప్తే డేటా ఉంది, అది ఎక్కడిదో చెప్పేది పోయింది. అలాంటి టేబుల్‌ని మేం ఉంచుకోం. మ్యూజియంకీ అంతే, చీటీ లేని తోలు సైన్స్‌కి దాదాపు పనికిరాదు. నూట యాభై ఏళ్ళు జాగ్రత్తగా మోసుకొచ్చిన ఒక వాక్యాన్ని కత్తెరతో కత్తిరించినవాడిలో కళాతృష్ణ చూసేవాళ్ళు, ఎవరైనా తాళపత్రం చింపి అందులో బొమ్మ మాత్రం ఫ్రేము కట్టించుకుంటే కూడా తపన అంటారా?

పోయిన ఏడాది ఒక పరిచయస్తుడు నాకు 'ఒరిజినల్' అడవికోడి మెడ ఇప్పిస్తానన్నాడు. ఎక్కడిది అంటే నవ్వాడు. విదేశాల్లో పెంపకపు పక్షులవి చట్టబద్ధంగానే దొరుకుతాయి, కాయితాలుంటాయి. ఇతని దగ్గర నవ్వు మాత్రమే ఉంది. వద్దన్నాను. వద్దనేముందు రెండు రోజులు ఆలోచించానని కూడా చెప్పాలి.

నా జాక్ స్కాట్ గత నెల పూర్తయింది. అడవికోడి బదులు నల్లపుంజు ఈక మీద తెల్ల నెయిల్ పాలిష్‌తో చుక్కలు పెట్టాను. టూకాన్ బదులు పసుపు రంగు వేసిన కోడి బొచ్చు. పాశ్చాత్య దేశాల్లో ఫ్లైలు కట్టేవాళ్ళ డబ్బాల్లో 'ఇండియన్ నెక్' అనే చవక సరుకు ఎప్పట్నుంచో ఉంది. అది కూడా మన పుంజు మెడే. ఫ్లైని అగ్గిపెట్టెలో పెట్టి షాపతనికి చూపించాను. వెలుతురులో అటూ ఇటూ తిప్పి, నల్ల ఈక దగ్గర ఆగాడు.

"ఇది ఆ జనగామ పుంజుది సార్. బోనాల ముందు శనివారం కోసినం."