కడుపు సంగతి అడగకుండా మనసు సంగతి తేలదు

శంషాబాద్ బస్తీల్లో ఆడవాళ్లతో కూర్చుని ఆరోగ్యం మాటెత్తితే జవాబులు దాదాపు ఒకే తీరుగా వస్తాయి. "కడుపుల గ్యాసు, నిద్ర పడ్తలేదు, ఊకెనే ఏడుపొస్తది, పానం మంచిగుంటలేదు." ఇందులో కడుపు ఎక్కడ ఆగింది? మనసు ఎక్కడ మొదలైంది? వాళ్లు విడదీయలేదు. విడదీసేది వైద్యం. గ్యాసుకో గోలీ, నిద్రకో గోలీ ఇచ్చి, మిగిలినదానికి "ఏం లేదమ్మా, ఎక్కువ ఆలోచించకు" అని పంపేస్తుంది.

ఈ విభజన ఎంత తప్పో చెప్పే చరిత్ర మన హైదరాబాద్‌లోనే ఉంది. తర్వాత జాతీయ పోషకాహార సంస్థగా మారిన ప్రయోగశాలలో సి. గోపాలన్, శ్రీకంఠయ్య జొన్న మీదే బతికే పేదల్లో కనిపించే పెల్లాగ్రా వ్యాధిని పరిశీలించి, 1960లో తమ వివరణ ప్రకటించారు. ఎండ తగిలినచోట చర్మం కమిలిపోవడం, విరేచనాలు, దిగులు, చివరికి మతి చెదరడం ఆ వ్యాధి లక్షణాలు. మూలం నియాసిన్ అనే విటమిన్ శరీరానికి చాలకపోవడం. జొన్నలోని ల్యూసిన్ పాత్రపై వాళ్ల వాదన తర్వాత చర్చకు గురైంది. కానీ పప్పు, పాలు, మాంసం తోడున్న జొన్న రొట్టె ఎవరినీ పిచ్చివాళ్లను చేయలేదు. జబ్బు జొన్నది కాదు, జొన్న పక్కన ఏమీ లేని పేదరికానిది.

ఇప్పుడు పెల్లాగ్రా అరుదు. పేదరికం అరుదు కాలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైతే ఆయాసం, చిరాకు. బి12 తక్కువైతే దిగులు, మతిమరుపు. థైరాయిడ్ మందగిస్తే మలబద్ధకంతో పాటు మనసూ మందగిస్తుంది. పేగుల్లోని సూక్ష్మజీవులకూ మనసుకూ ఉన్న సంబంధంపై ఇంకా తేలాల్సింది ఎంతో ఉంది. మార్కెట్ మాత్రం అప్పుడే డబ్బాలు అమ్మేస్తోంది.

2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయం మొదలైంది. సుమారు 5,500 ఎకరాలు అందులోకి పోయాయి. భూమితో పాటు గట్టు మీది ఆకుకూర, ఇంటి పాడి కూడా పోతాయని నష్టపరిహారపు లెక్కలు గుర్తించవు. ఇప్పుడు అన్నీ కొనుక్కోవాల్సిందే. కాంట్రాక్టు కింద ఊడ్చేవాళ్లు, హోటళ్లలో గిన్నెలు కడిగేవాళ్లు రాత్రి డ్యూటీ చేసి, పగలు ఇంటిపని చేసి, అందరూ తిన్నాక మిగిలింది తింటారు. మరుగుదొడ్డికి పోనివ్వరని నీళ్లు తాగరు. ఇలాంటి శరీరానికి నిద్ర ఎట్లా పడుతుంది?

అందుకే "ఆకుకూరలు తినండి, సంతోషంగా ఉండండి" అనే సలహా నాకు నచ్చదు. అది లేమిని ఆమె తప్పుగా మారుస్తుంది. అట్లాగని అంతా తిండిలోనే ఉందనీ అనను. కొట్టే భర్త, తీరని అప్పు ఐరన్ గోలీతో పోవు.

మనం అడగాల్సినవి స్పష్టమే. దిగులుతో వచ్చిన స్త్రీకి నిద్రమాత్ర రాసేముందు రక్తం, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయాలి. ఆమె ఏం తిన్నదో, ఇంట్లో ఏం జరుగుతోందో రెండూ అడగాలి. 2023 మార్చి 8న మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ కార్యక్రమం పోషక లోపాలను లెక్కలోకి తీసుకుంది, ఆ దారి బస్తీ దాకా రావాలి. పనిచోట వేడి భోజనం, మరుగుదొడ్డి, విరామం కార్మిక హక్కులుగా దక్కాలి.

మన సంఘాల్లోనూ ఒక అలవాటు మారాలి. కౌన్సెలింగ్‌కు వచ్చినామెను "ఏం కష్టమొచ్చింది?" అని అడుగుతాం. "పొద్దున ఏం తిన్నవక్కా?" అని ఎప్పుడైనా అడిగామా?