జూనియర్ పతకం తర్వాతి ఏళ్లు

యూరప్‌లో అండర్-19, అండర్-20 బాస్కెట్‌బాల్ ఆడిన పిల్లలు పదేళ్ల తర్వాత ఏమయ్యారని ఆరా తీస్తే ఒక్కొక్కరిది ఒక్కో దారి. 2013లో ప్రాగ్‌లో జరిగిన అండర్-19 ప్రపంచ పోటీల్లో రజతం గెలిచిన సెర్బియా జట్టులో నికోలా యోకిచ్ ఉన్నాడు. మరుసటి ఏడాది అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏకి కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో నలభై మంది తర్వాతగానీ అతని పేరు పిలవలేదు. ఇంకో ఏడాది సొంత దేశపు క్లబ్బులోనే ఆడి, ఆ తర్వాత అమెరికా వెళ్లి మూడుసార్లు లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు (ఎంవీపీ) అయ్యాడు. ఆ మధ్యకాలంలో ఆడించే క్లబ్బు ఉండటమే అసలు సంగతి, మన దగ్గర కరువైందీ అదే. మన దగ్గర ఆ మధ్యకాలం ఎలా గడుస్తుందో చూడండి: నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2011లో పద్నాలుగేళ్లకే టర్కీలోని అంటాల్యాలో జూనియర్ బాక్సింగ్ ప్రపంచ విజేత అయింది. సీనియర్ ప్రపంచ స్వర్ణం అదే దేశంలో, ఇస్తాంబుల్‌లో, 2022లో దక్కింది. నడుమ పదకొండేళ్లు! 2017లో భుజానికి దెబ్బ తగిలి చాలాకాలం రింగుకు దూరమైంది. ఇంట్లోవాళ్లు వెన్నంటి ఉన్నారు కాబట్టి నిలదొక్కుకుంది. ఆసిఫాబాద్ గిరిజన ఆదర్శ క్రీడా పాఠశాలలో చదివే గోండు పిల్లకో, కొలాం పిల్లకో అదే భుజం దెబ్బతింటే? పత్తి చేనే ఆధారమైన తల్లిదండ్రులు స్కానింగుకు, ఫిజియోకు డబ్బులు ఎక్కడినుంచి తెస్తారు? పతకం తెచ్చిన రోజు శాలువా కప్పి చెక్కు ఇస్తే సరిపోదు. హాస్టల్ వదిలిన నాటి నుంచి కనీసం ఐదేళ్లు నెలనెలా భృతి, గాయమైతే ఉచిత వైద్యం, ఆడుకోవడానికి జిల్లా కేంద్రంలోనే ఒక సీనియర్ జట్టు ఉండాలి. వచ్చే బడ్జెట్‌లోనే ప్రభుత్వం దీనికి నిధులు కేటాయించాలి.